లక్ష మొక్కలు సరే, తల్లులు ఎన్ని?

కటుకరోహిణి అనే మందు మొక్క బెంగళూరు ఎండకు నిలిచేది కాదు. హిమాలయాల్లో 3,000 మీటర్లు దాటి, చెట్లు ఆగిపోయి పచ్చిక బయళ్లు మొదలయ్యే చోట, రాళ్ల సందుల్లో నేలను కరుచుకుని పెరుగుతుంది. నేను ఉద్యోగం చేసే యలహంక వైపు ఎత్తు 900 మీటర్ల పైచిలుకు, అంతే. అయినా ఆ మొక్క గురించి ఇక్కడ కూర్చుని పనిచేయడానికి నాకు ఏ ఇబ్బందీ లేదు. నేను చదివేది దాని డీఎన్‌ఏను. అందుకు కావలసింది మొక్క కాదు, బొటనవేలి గోరంత ఎండిన ఆకు. అది హిమాచల్ నుంచో గఢ్వాల్ నుంచో కాగితపు కవరులో వస్తుంది. కవరు మీద లోయ పేరు, ఎత్తు, తేదీ ఉంటాయి. పక్క మొక్క నుంచి ఎంత దూరంలో ఈ ఆకు కోశారన్నది కూడా ఉండాలి. అది రాయని కవరును నేను విప్పకుండానే పక్కన పెడతాను. నాకు చాదస్తమని మా ల్యాబులో పిల్లలు అనుకుంటారని తెలుసు. ఆ చాదస్తం ఎందుకో చెప్పడానికే ఈ టపా.

ఈ మధ్య ఒక మందుల కంపెనీ తరఫున ఇద్దరు వచ్చారు. ఉత్తరాఖండ్ రైతుల చేత లక్ష కటుకరోహిణి మొక్కలు నాటించారట. ఫోనులో ఫొటోలు చూపించారు. కొండవాలు మెట్ల పొలాల్లో వరుసలు తీర్చి, చూడముచ్చటగానే ఉన్నాయి.

“అడవి మీద భారం తగ్గించాం మేడమ్. జన్యు వైవిధ్యం బాగా ఉందని మీ ల్యాబ్ నుంచి ఒక పత్రం ఇస్తే మా వార్షిక నివేదికలో వేసుకుంటాం” అన్నారు పెద్దాయన.

“ఈ లక్షకు తల్లి మొక్కలు ఎన్నండీ?” అని అడిగాను.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. “నర్సరీ నుంచి తెచ్చాం.”

“నర్సరీవాళ్లు ఎక్కడి నుంచి తెచ్చారు?”

“పైనుంచి” అన్నాడు చిన్నవాడు, చూపుడువేలు సీలింగు వైపు పెట్టి.

కొండ మీద నుంచి అని అతని ఉద్దేశం. ఇంతకన్నా వివరం వాళ్ల ఫైల్లోనూ లేదు. పత్రం ఇవ్వలేనని చెప్పాను. పెద్దాయన ముఖం చిన్నబోయింది. లక్ష మొక్కలు కళ్లముందు కనిపిస్తుంటే ఈవిడ తల్లుల లెక్క అడుగుతుందేమిటని ఆయన అనుకుని ఉంటారు.

అరటి తోట చూసి పెరిగినవారికి దీన్ని వివరించడం తేలిక. మాది కడప జిల్లా. అరటిని ఎవరూ గింజతో పెంచరు, పిలక తెచ్చి నాటుతారు. పదెకరాల తోటలో వేల చెట్లు ఉండవచ్చు. పిలకలన్నీ ఒకే మొదలు నుంచి వచ్చి ఉంటే, జన్యువుల లెక్కలో అది వేల చోట్ల నిలబడిన ఒకే చెట్టు. ఒక తెగులు ఒక చెట్టును పడగొట్టగలిగితే తోటనంతా పడగొట్టగలదు. 1950ల వరకు ప్రపంచ వ్యాపారమంతా నడిచిన గ్రో మిషెల్ అనే అరటి రకం పనామా తెగులుకు అలాగే పోయింది. చెట్లు కోట్లలో ఉండేవి. ఆ తెగులును ఆపగల తేడా మాత్రం వాటిలో ఒక్కదానికీ లేదు.

కటుకరోహిణిదీ ఇదే తీరు. పాకే కాండం ఒకటి నేలబారున సాగి, కణుపు కణుపుకీ వేరు దించి, కొత్త ఆకుల గుత్తి పైకి లేపుతుంది. గింజ కూడా వేస్తుంది గానీ ఆ గింజ కంటికి ఆననంత చిన్నది, ఆ చలిలో మొలకెత్తి నిలదొక్కుకునేవి తక్కువ. అందుకని పచ్చిక మీద ఒక గది వైశాల్యంలో కనిపించే వంద గుత్తులు ఒకప్పుడు పడిన ఒకే గింజ సంతానం కావచ్చు. లేదా పాతిక వేర్వేరు గింజలవి కావచ్చు. పైనుంచి చూస్తే ఎంత అనుభవం ఉన్నవాడైనా చెప్పలేడు. మొక్కల సర్వేలో అవి రెండు చోట్లా వందే. జన్యువులు చదివితే ఒకచోట ఒకటి, ఇంకోచోట పాతిక.

రైతు నాటేది కూడా గింజ కాదు, ఆ పాకే కాండపు ముక్కలే. గింజ నుంచి పెంచాలంటే చాకిరీ ఎక్కువ, పంట చేతికి రావడం ఆలస్యం. ముక్క నాటితే నమ్మకంగా బతుకుతుంది. రైతును తప్పుపట్టడానికి ఏమీ లేదు. మందుకు కావలసినదీ అదే కాండం, అదే వేరు. అడవిలో తవ్వేవాడు మొక్కను మొదలంటా పెకలిస్తాడు కాబట్టి ఆకు కోసి వదిలేసినట్టు అది మళ్లీ చిగురించదు. జటామాంసినీ దీన్నీ 1997లో అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ అంతర్జాతీయ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చడానికి, అంటే విదేశీ వ్యాపారానికి అనుమతి పత్రాలు తప్పనిసరి చేయడానికి కారణం ఈ తవ్వకాలే. సాగు మంచిదే, కావలసిందే. ఆ సాగు ఎన్ని తల్లులతో మొదలైందన్నదే నా పేచీ.

ఆ సంగతి ఆకు చెబుతుంది, కాకపోతే ఊరికే చెప్పదు.

కోసిన ఆకును వెంటనే సిలికా జెల్ గుళికల్లో పెట్టాలి. నారింజ రంగు గుళికలు తేమ పీల్చుకున్నకొద్దీ ఆకుపచ్చకు తిరుగుతాయి, తిరిగితే మార్చాలి. ఒక రోజులో ఆకు పెళపెళలాడేట్టు ఎండితే డీఎన్‌ఏ నిలుస్తుంది. మెల్లగా వాడిపోతే ఆకులోని ఎంజైములే దాన్ని తుంపులు తుంపులు చేసేస్తాయి. కవరు విప్పగానే నేను ముందు చూసేది రంగు. ఎండినా ఆకుపచ్చగా ఉంటే ప్రాణం లేచివస్తుంది. కాఫీ రంగుకు తిరిగి ఉంటే, ఆ పూట నన్ను సెలవు అడగకూడదని పిల్లలకు తెలుసు.

ఆకును నూరడానికి మేము వాడేది పింగాణీ కల్వమే. ప్రొద్దుటూరులో మూలికల కొట్టు నడిపే మా మేనమామ వాడేదీ కల్వమే, ఆయనది రాతిది. నేను అందులో ద్రవ నత్రజని పోస్తాను, −196 డిగ్రీలది. బుసబుసమంటూ తెల్లటి ఆవిరి బల్ల మీద నుంచి కిందికి జారుతుంది. కొత్తగా చేరినవాళ్లు ఆ ఆవిరిని ఫోనులో తీసుకుంటూ ఉండగానే నత్రజని కాస్తా అయిపోతుంది, ఆకు మెత్తబడుతుంది. పిండి పిండి అయ్యేదాకా చేయి ఆపకూడదు. ఆ పిండిని 65 డిగ్రీలకు వేడిచేసి ఉంచిన సీటాబ్ ద్రావణంలో వేస్తాం, కణాలను విప్పి డీఎన్‌ఏను బయటికి తెచ్చేది అదే. డాయిల్, డాయిల్ అనే ఇద్దరి పేర్లతో 1987లో వచ్చిన చిన్న వ్యాసంలోని పద్ధతి ఇది. ప్రపంచంలో ఏ మొక్కల ల్యాబుకు వెళ్లినా దీని ఏదో ఒక రూపం కనిపిస్తుంది.

మందు మొక్కలతో పెద్ద చిక్కు వాటి మందే. వాటిలో దండిగా ఉండే ఫినాల్ పదార్థాలు గాలి తగలగానే గోధుమరంగుకు మారి డీఎన్‌ఏకు అంటుకుంటాయి. అంటుకున్నాయంటే తర్వాతి దశలో పనిచేయవలసిన ఎంజైము మొరాయిస్తుంది. వాటిని పట్టి ఉంచడానికి పీవీపీ అనే పొడి, గాలికి మారిపోకుండా మెర్కాప్టోఇథనాల్ అనే ద్రవం కలుపుతాం. ఆ రెండోదాని కంపు మూత తీస్తే లిఫ్టు దాకా వెళుతుంది. పక్క ల్యాబువాళ్లు మా తలుపు మీద అతికించిన చీటీ ఇప్పటికీ అలాగే ఉంది. తర్వాత క్లోరోఫామ్ కలిపి సెంట్రిఫ్యూజులో తిప్పితే గొట్టంలో మూడు అంతస్తులు ఏర్పడతాయి. అడుగున ఆకుపచ్చటి క్లోరోఫామ్, మధ్యలో తెల్లటి పలుచని పొర, పైన తేటనీరు. మనకు కావలసింది ఆ తేటలో ఉంది. పిపెట్ మొన మధ్య పొరకు తగలకుండా తేట మాత్రం లాగి, చల్లటి ఐసోప్రొపనాల్ కలిపి, గొట్టాన్ని మెల్లగా తలకిందులు చేస్తూ ఉంటే సన్నటి తెల్లని పోగులు తేలి ఒకదానికొకటి చుట్టుకుంటాయి. అది డీఎన్‌ఏ. పోగులు తెల్లగా ఉంటే ఆ రోజు కాఫీ ఖర్చు నాది. జిగురుగా, మట్టిరంగులో ఉంటే మళ్లీ కల్వం దగ్గరికి.

ఇక మార్కర్లు, అంటే ఒక మొక్కను ఇంకోదాని నుంచి వేరుపట్టే డీఎన్‌ఏ గుర్తులు. మొక్క డీఎన్‌ఏలో కొన్ని చోట్ల రెండు మూడు అక్షరాలే అదే పనిగా పునరావృతం అవుతుంటాయి. జీఏ జీఏ జీఏ అని ఒక మొక్కలో పన్నెండు సార్లు ఉంటే, ఇంకో మొక్కలో పదిహేను సార్లు ఉండవచ్చు. కణం తన డీఎన్‌ఏకు నకలు తీసుకునేటప్పుడు ఇలాంటి చోట్ల లెక్క తప్పుతుంటుంది కాబట్టి తరతరాలుగా ఈ తేడాలు పోగుపడ్డాయి. ఇలాంటి చోట్లను మైక్రోశాటిలైట్లు అంటారు. వాటికి అటూ ఇటూ ఉండే అక్షరాలు తెలిస్తే చాలు, అంతవరకే నకళ్లు తీయవచ్చు. పీసీఆర్ యంత్రం ఒక్కో విడతకు నకళ్లను రెట్టింపు చేస్తుంది. 30 విడతలు సవ్యంగా జరిగితే ఒక్క ప్రతి 100 కోట్లు దాటుతుంది. ఆ తర్వాత వాటి పొడవు కొలవడమే.

హైదరాబాదు సీసీఎంబీలో లాల్జీ సింగ్ నెలకొల్పిన డీఎన్‌ఏ వేలిముద్రల పరీక్ష గురించి తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ మనుషుల గుర్తింపు తేల్చినదీ ఇలాంటి పునరావృతాల తేడాలతోనే. నేను మొక్కలకు చేస్తున్నాను, కోర్టులో బోను ఎక్కవలసిన పని లేదు.

ఈ మార్కర్ల సుఖం ఏమిటంటే తల్లి నుంచి వచ్చిన ప్రతి, తండ్రి నుంచి వచ్చిన ప్రతి రెండూ విడివిడిగా కనిపిస్తాయి. ఉదాహరణకు ఒక చోట ఒక మొక్కకు 182, 188 అని రెండు పొడవులు వచ్చాయనుకోండి. పక్క గుత్తికీ 182, 188 వస్తే అది కాకతాళీయం కావచ్చు. పది పన్నెండు చోట్ల చూసి, అన్ని చోట్లా రెండు గుత్తులకూ అవే జతలు వచ్చాయంటే కాకతాళీయం అనుకోవడానికి వీల్లేదు. అవి రెండూ ఒకే మొక్క తాలూకు పిలకలు. కవరు మీద దూరం ఎందుకు రాయమంటానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఒకే పిలకల గుంపులో ముప్ఫై ఆకులు కోసి పంపితే, నేను ముప్ఫై సార్లు ఒకే మొక్కను చదివి “ఈ కొండ మీద వైవిధ్యమే లేదు” అని రాయాల్సి వస్తుంది. తప్పు కొండది కాదు, ఆకు కోసినవాడిది.

ఇక్కడ కాస్త కోపం వెళ్లగక్కాలి. మన దేశంలో మందు మొక్కల వైవిధ్యం మీద వచ్చిన వ్యాసాల్లో చాలా వాటికి ఒకే అచ్చు. నాలుగైదు ఊళ్ల నుంచి తలా కాసిని ఆకులు, ర్యాపిడ్ అనే పాత పద్ధతికి ఓ పాతిక ప్రైమర్లు, అంటే డీఎన్‌ఏకు అతుక్కుని అక్కడి నుంచి నకలు మొదలుపెట్టించే చిన్న తుంపులు. ఆ నకళ్లను పొడవును బట్టి విడదీసే జెల్ మీద పట్టీ ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. చివర ఎవరికి ఎవరు దగ్గరో చూపే ఒక చెట్టు బొమ్మ. “ఇంత శాతం పట్టీలు తేడాగా ఉన్నాయి, కాబట్టి వైవిధ్యం అధికం, సంరక్షణకు ఇది దోహదపడుతుంది.” ఎవరికి, ఎలా దోహదపడుతుందో ఒక్క వాక్యం ఉండదు.

1990లో ర్యాపిడ్ పద్ధతి వచ్చినప్పుడు అది వరమే, కాదనను. ఆ మొక్క జన్యువుల గురించి ముందుగా ఒక్క అక్షరం తెలియకపోయినా పది అక్షరాల ప్రైమరుతో పని మొదలుపెట్టవచ్చు. సీక్వెన్సింగ్ అంటే లక్షల్లో మాట అయిన రోజుల్లో మనలాంటి ల్యాబులకు అదే దిక్కు. కానీ అది నిలకడలేని పద్ధతి. మెగ్నీషియం పాలు కాస్త మారితే పట్టీలు మారతాయి. యంత్రం మార్చితే మారతాయి. పట్టీ కనిపించినప్పుడు ఆ మొక్కకు ఆ రూపం ఒక ప్రతిగా ఉందా, రెండు ప్రతులుగా ఉందా తెలియదు. ఒకే ఎత్తులో ఉన్న రెండు పట్టీలు డీఎన్‌ఏలో ఒకే చోటు నుంచి వచ్చాయన్న హామీ కూడా లేదు. ఇవన్నీ తెలిసి తెలిసీ ఇంకా అదే చేయడం ఎందుకు? కటుకరోహిణికైతే ఇప్పుడు సాకు కూడా లేదు. హిమాచల్‌లోని పాలంపూర్ శాస్త్రవేత్తలు 15 డిగ్రీల దగ్గర ఒకసారి, 25 డిగ్రీల దగ్గర ఒకసారి దీని ఆర్‌ఎన్‌ఏ మొత్తాన్ని చదివి 2012లో ప్రచురించారు. మంచి మార్కర్లను అందులోంచి వెతికి తీసుకోవచ్చు.

సరే, ఆ కంపెనీ సంగతికి వద్దాం. పత్రం ఇవ్వలేదు గానీ ఒక ఉత్తరం రాశాను. అందులో ఒకే ఒక లెక్క వేసి చూపించాను. అడవిలో వందకు 5 పాళ్లు మాత్రమే ఉండే ఒక జన్యు రూపం ఉందనుకోండి. రేపు ఏ తెగులునో, ఏ వేడినో తట్టుకునేది అదే కావచ్చు. ఒకదానికొకటి పిలకలు కాని 10 మొక్కలను తల్లులుగా తెచ్చుకుంటే, ఒక్కోదానిలో రెండు ప్రతుల చొప్పున 20 ప్రతులు వస్తాయి. ఆ 20లో మనకు కావలసిన రూపం ఒక్కటీ లేకుండా పోయే అవకాశం 36 శాతం. 30 తల్లులు తెచ్చుకుంటే అది 5 శాతం లోపుకు దిగుతుంది. అంటే 10 నుంచి 30కి వెళ్లడానికి అయ్యే అదనపు శ్రమ, ఇంకో రెండు మూడు రోజులు కొండల్లో నడవడం. ఆ పని చేయకుండా లక్షను రెండు లక్షలు చేసినా పోయినది తిరిగి రాదు. ముక్కలతో పెంచినంతకాలం తోటలో ఉన్న రకాలు ఉన్నట్టే ఉంటాయి, కొత్తవి రావు. ఆ కొద్ది తల్లుల గింజలతో తరాలు నడిపితే ఇంకో నష్టం. 10 మొక్కలే కలుసుకుంటూ ఉంటే వైవిధ్యం తరానికి సగటున 20లో ఒక వంతు చొప్పున తరుగుతూ పోతుంది.

పెద్దాయన నుంచి, పరీక్షల ఖర్చు తగ్గించగలరా అని జవాబు వచ్చింది. చిన్నవాడు మాత్రం విడిగా ఫోను చేశాడు. “మేడమ్, తల్లి మొక్కల రిజిస్టరు ఎలా పెట్టాలో చెప్పండి” అన్నాడు. ఏ బుగ్యాల్ నుంచి తెచ్చింది, ఎత్తు ఎంత, ఏ తేదీన, దాని ముక్కలు ఏ రైతు పొలంలో ఏ వరుసలో నాటారు. ఇంతే, నాలుగు గడులు. దుకాణంలో దొరికే మామూలు లాంగ్ నోట్‌బుక్కు చాలు. ఇది ఉంటే నా మార్కర్ల ఖర్చు సగానికి సగం తగ్గుతుంది, ఎందుకంటే వరుసకు ఒక్క ఆకు చూస్తే సరిపోతుంది. బుగ్యాల్ అంటే గఢ్వాలీలు ఎత్తైన పచ్చిక బయలును అనే మాట. అతను ఆ మాట సరిగ్గా పలికాడు, కొండ ఎక్కి ఉంటాడనిపించింది.

అయితే ఎన్ని తల్లులన్నదే కాదు, ఎక్కడి తల్లులన్నది కూడా ఉంది. లోయకూ లోయకూ మధ్య మంచు గట్లు అడ్డం. గింజ అంత దూరం ఎగరదు, పుప్పొడి అసలే దాటదు. రెండు గుంపులు ఎంత వేరుపడ్డాయో చెప్పడానికి సీవాల్ రైట్ ఇచ్చిన కొలత ఒకటి ఉంది, ఎఫ్‌ఎస్‌టీ అంటాం. సున్నా వస్తే రెండు లోయల్లోనూ ఒకే పాళ్లలో ఒకే రూపాలు ఉన్నట్టు, ఏదో ఒకచోట గింజ సేకరించినా చాలు. ఒకటికి దగ్గరగా వస్తే ఎవరి సొమ్ము వారిదే, రెండు చోట్లా సేకరించాలి. ఈ సంఖ్య తెలియకుండా “వైవిధ్యం కోసం” అంటూ కాశ్మీరు మొక్కను కుమావూకు, కుమావూ మొక్కను కాశ్మీరుకు మార్చి నాటేవారున్నారు. ఒక్కో గుంపు వేల ఏళ్లుగా తన కొండ చలికీ, మంచు కరిగే వేళకూ అలవాటుపడి ఉంటుంది. అన్నిటినీ కలిపేస్తే ఆ అలవాటు చెదిరిపోవచ్చు. నేనైతే ఏ లోయ తల్లులను ఆ లోయ రైతులకే ఇవ్వమంటాను.

ఇంత చెప్పాక మా మామయ్య నా మీద విసిరిన ప్రశ్న చెప్పకపోతే అన్యాయం. ఆయన కొట్లో కటుకరోహిణి బాగా పోతుంది. ఆరోగ్యవర్ధని అనే ఆయుర్వేద మందులో మిగతా దినుసులన్నిటి బరువు ఎంతో, ఇది ఒక్కటే అంత పడుతుంది మరి. బస్తా వచ్చినప్పుడల్లా ఒక ముక్క విరిచి, లోపలి నల్లటి రంగు చూసి, నాలుక చివర పెట్టుకుంటాడు. సంక్రాంతికి వెళ్లినప్పుడు నా చేతికీ ఒక ముక్క ఇచ్చాడు.

“చూడమ్మా, చేదు తగ్గింది. అప్పట్లో ఇది నాలుక మీద పెడితే రాత్రి అన్నం దాకా చేదే.”

నాకైతే చేదుగానే ఉంది. గారెలు తినడానికి భయపడేంత చేదు.

“మీ మిషన్‌లో ఈ చేదు ఎంతో తెలుస్తుందా?”

“తెలియదు మామయ్యా.”

“మరి ఇన్నేళ్లుగా అక్కడ ఏం చేస్తున్నట్టు?” అన్నాడు, పొట్లం కడుతూనే.

ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. కటుకరోహిణిలో మందుగా పనిచేసేవి పిక్రోసైడ్లు, చేదు కూడా వాటిదే. వాటిని కొలవడానికి హెచ్‌పీఎల్‌సీ అనే వేరే యంత్రం కావాలి. నా మైక్రోశాటిలైట్లలో ఎక్కువ భాగం ఏ పనీ చేయని డీఎన్‌ఏలో ఉంటాయి. ఎవరు ఎవరి సంతానమో చెప్పడానికి అవి పనికొచ్చేది కూడా అందుకే, వాటి మీద ఎండా చలీ ఒత్తిడి ఉండదు. పిక్రోసైడ్లు అలా కాదు. వయసును బట్టి, రుతువును బట్టి, ఎత్తును బట్టి మారతాయి. చల్లగా ఉంటే ఎక్కువ తయారవుతాయి, ఆ పాలంపూర్ వాళ్లు రెండు ఉష్ణోగ్రతల దగ్గర చదవడం వెనక ఉన్న సంగతి అదే. కాబట్టి “వైవిధ్యం అధికం” అన్న ఫలితం చూపించి “మా సరుకు నాణ్యమైనది” అని అట్టపెట్టె మీద వేసుకుంటే అది అబద్ధమే. మామయ్య నాలుక నా మార్కర్ కన్నా మందుకు దగ్గరగా ఉంది. ఆయన సరుకులో చేదు నిజంగా తగ్గిందో లేదో మాత్రం నాలుక ఒక్కటే తేల్చలేదు. లేత వేళ్లు తవ్వుతున్నారా, కిందిపొలాల సాగు సరుకు కలుస్తోందా, అసలు వేరే మొక్కా?

ఆ మూడోదానికి బార్‌కోడింగ్ ఉంది, అంటే చిన్న డీఎన్‌ఏ భాగాన్ని చదివి జాతిని గుర్తుపట్టడం. 2003లో కెనడాలో పాల్ హెబర్ట్ జంతువులకు ప్రతిపాదించాడు. మొక్కలకు వేరే జన్యు భాగాలు కావలసివచ్చి 2009లో ఆర్‌బీసీఎల్, మ్యాట్‌కే అనే రెండింటిని ఖాయం చేశారు. ఇది జాతి పేరు చెబుతుంది, అంతకుమించి చెప్పదు. నేపాల్, సిక్కిం వైపు నుంచి వచ్చే నియోపిక్రోరైజా అనే దగ్గరి బంధువు కూడా ఇదే సరుకుగా అమ్ముడవుతుంది. ఎండిన ముక్కలు చూసి తేడా పట్టడం కష్టం, డీఎన్‌ఏతో తేలికే. ఇక్కడి అవెన్యూ రోడ్డు వెనక సందుల్లోని గ్రంధిగె అంగళ్లలో, అంటే మూలికల కొట్లలో, కొన్ని ముక్కలు కొన్నాను. ఒక కొట్టాయన నా కన్నడం రెండు మాటలు వినగానే తెలుగులోకి మారిపోయారు, వాళ్ల తాతలది హిందూపురమట. “పరీక్షకా? అయితే మంచిది ఇస్తానుండండి” అని లోపలి డబ్బా తీశారు. నాకు బయటి డబ్బాలోదే కావాలని ఒప్పించేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది.

హిమాలయాల మొక్కకు నిధులు వస్తాయి, పేరుంది, విదేశీ పత్రికల్లో చోటుంది. మన శేషాచలం, నల్లమల కొండల మొక్కల సంగతి అడిగేవారు తక్కువ. రాయలసీమలో ఎండాకాలం ప్రతి బండి మీదా దొరికే నన్నారి షర్బత్‌కు వాడే వేళ్లలో సన్నటి సుగంధిపాల ఉంటుంది, డెకాలెపిస్ హామిల్టోనియై అనే లావు వేళ్ల తీగ కూడా ఉంటుంది. దక్షిణ భారతం దాటితే ఎక్కడా లేని తీగ అది. ఆ వేరుకు వాసన ఇచ్చే పదార్థం వెనిలా వాసన ఇచ్చే వెనిలిన్‌కు అణువు స్థాయిలో సోదరి, అవే పరమాణువులు, అమరిక వేరు. బెంగళూరు మార్కెట్లలో ఈ వేళ్లనే మాకళి బేరు అని ఊరగాయకు కుప్పలు పోసి అమ్ముతారు. దీన్నీ వేరుతో సహా తవ్వేస్తారు. కటుకరోహిణికీ దీనికీ ఒక తేడా ఉంది. దీని గింజకు పట్టుకుచ్చు ఉంటుంది, కాయ పగలగానే గాలికి ఎగిరిపోతుంది. అందుకని ఒక కొండకూ ఇంకో కొండకూ మధ్య రాకపోకలు ఎక్కువే ఉండాలని నా అంచనా. గింజ కట్టే వయసు రాకముందే తవ్వేస్తుంటే ఆ పట్టుకుచ్చు ఉన్నా లేనట్టే. ఈ అంచనా సరైనదో కాదో తేల్చడానికి ఒక ప్రతిపాదన రాస్తున్నాను. అటవీ శాఖ అనుమతి రాగానే శేషాచలం వైపు నుంచి మొదలుపెట్టాలి.

ఈ సంగతి కిందటి టపాలో అన్యాపదేశంగా అన్నందుకే కొందరు ఆకులు పోస్టులో పంపారు. దయచేసి పంపకండి. పాలిథీన్ సంచిలో పెట్టిన ఆకు బెంగళూరు చేరేసరికి ముద్ద అవుతుంది, అనుమతి లేకుండా అడవిలో కోసినది నేను ముట్టుకోలేను కూడా. దానికన్నా పనికొచ్చే సాయం ఒకటుంది. మీ ఊళ్లో షర్బత్ కాచేవారికి వేరు ఏ కొండ నుంచి వస్తోంది, తెచ్చేవాళ్లు ఏ నెలల్లో తవ్వుతున్నారు, పదేళ్ల కిందట ఎంత లావు వేరు వచ్చేది, ఇప్పుడు ఎంత లావుది వస్తోంది అని అడిగి రాయండి. మనుషుల పేర్లు వద్దు, ఊరి పేరు చాలు. వేరు మందం చెప్పేటప్పుడు చిటికెన వేలంత, బొటనవేలంత అని రాసినా సరే, నేను కొలత వేసుకుంటాను.